తీగకు నూరు మీటర్ల హద్దు ఏల?

భూపాలపల్లి సమీపమున చెల్పూరులో బొగ్గు మండించి పుట్టించు విద్యుత్తు తీగల వెంట బహుదూరము పోయి పట్టణములలో దీపములు వెలిగించుచున్నది. అదే భూపాలపల్లిలో ఒక కార్యాలయము నుండి ప్రక్క భవనములోని కంప్యూటరునకు 130 మీటర్ల నెట్‌వర్కు తీగ లాగినచో వార్త సరిగా చేరునను నమ్మకము లేదు. తీగ రాగిదే, ప్రవహించునది విద్యుత్తే. మరి ఈ భేదమెందుకు?

దీపమునకు కావలసినది శక్తి. దారిలో కొంత పోయినను మిగిలినది చాలును. అదియును సెకండునకు 50 మారులే ఊగును. వార్తకు కావలసినది ఆకృతి. ఒక గుర్తు మరొక గుర్తుతో కలిసిపోక విడివిడిగా చేరవలెను. ఈ సంగతి తెలియుటకు మానవుడు పెద్ద మూల్యమే చెల్లించినాడు.

నిజాము రాజ్యములో సికిందరాబాదు నుండి వరంగల్లునకు 1886లోను, అక్కడినుండి బెజవాడకు 1889 నాటికిని రైలుమార్గము పడినది. జనగామ, మహబూబాబాదు ఈ మార్గములోనివే. అట్టి మార్గముల ప్రక్క స్తంభములపై సాగిన తంతితీగల చుట్టు ఉన్నది గాలి మాత్రమే. నీరసించిన సంకేతమును నడుమ రిలే పరికరముతో మరల బలపరుపవచ్చును. కనుక దూరము అంతగా బాధింపలేదు.

సముద్రములో కథ వేరు. లోపల రాగి, దానిపై గట్టాపెర్చా తొడుగు, వెలుపల ఉప్పునీరు: కేబులంతయు ఒక పొడవైన కండెన్సరు అయినది. మీట నొక్కినప్పుడెల్ల అది నిండవలెను, మరల ఖాళీ కావలెను. పొడవు రెట్టింపైన ఈ జాప్యము నాలుగు రెట్లగునని విలియం థామ్సన్ 1850ల నడుమనే లెక్క కట్టినాడు. అట్లాంటిక్ కేబులు కంపెనీ విద్యుత్ నిపుణుడు వైట్‌హౌస్ దానిని ఒప్పుకొనలేదు. 1858 ఆగస్టులో విక్టోరియా రాణి పంపిన సుమారు వంద మాటల సందేశము చేరుటకు 16 గంటలు పట్టెను. వైట్‌హౌస్ సుమారు 2,000 వోల్టులు ప్రయోగించినాడు. కొలది వారములలోనే కేబులు మూగబోయినది. (తప్పంతయు ఆయనదే అనుట న్యాయము కాదు, కేబులు తయారీలోను లోపములుండెను.)

మన కంప్యూటరు తీగ చరిత్ర 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనాలయమున మెట్‌కాఫ్, బాగ్స్ అనువారితో మొదలైనది. దాని పేరు ఈథర్నెట్. అనేక యంత్రములకు ఒకటే తీగ. ఇద్దరొకసారి మాటలాడినచో సంకేతములు ఢీకొనును. తన మాట ముగియకముందే ఆ సంగతి పంపినవానికి తెలియవలెను. సెకండునకు కోటి బిట్ల వేగమున, కనీస వార్త 512 బిట్లు పలుకుటకు 51.2 మైక్రోసెకండ్లు పట్టును. ఆ వ్యవధిలో సంకేతము తీగ కొనకు పోయి రావలెను. నడుమ పరికరముల జాప్యము కూడ లెక్కించి గరిష్ఠదూరము 2,500 మీటర్లుగా నిర్ణయించినారు.

నేటి 100 మీటర్ల హద్దునకు కూడ ఈ ఢీకొనుటయే కారణమని పలువురు చెప్పుచుందురు. అది పూర్తిగా సరికాదు. ఈ హద్దు 1990లో, టెలిఫోను తీగలవలె మెలిపెట్టిన జంట తీగలపై ఈథర్నెట్ నడిపినపుడు వచ్చినది. ఇప్పటి నెట్‌వర్కు స్విచ్చిలలో రాకకు, పోకకు వేరు దారులు; ఢీకొనుటయే లేదు. హద్దు మాత్రము నిలిచినది. సెకండునకు పది కోట్ల మారులు ఊగు సంకేతము తీగ పైపొరలోనే ప్రవహించును. తొడుగు కూడ కొంత మ్రింగును. ఇండ్లలో వాడు సామాన్యపు తీగకు ప్రమాణము అనుమతించు నష్టము ప్రకారము, 100 మీటర్లు పోవునప్పటికి శక్తిలో సుమారు నూటయేబదవ వంతు మిగులును. 130 మీటర్లయిన ఏడువందలవ వంతు! అంత సన్నని స్వరమును ప్రక్క జంట రొద కప్పివేయును.

అయినను తీగ ఒక్కసారిగా చచ్చిపోదు, చిక్కంతయు అక్కడనే. చెడిన వార్త మరల మరల పంపబడును, వేగము పడిపోవును. 2016 అక్టోబరులో ఈ మూడు జిల్లాలు ఏర్పడిన పిదప కాగితముల పని చాలవరకు ఈ తీగలపైనే సాగుచున్నది. ధ్రువపత్రమునకై వచ్చిన రైతు కిటికీ వద్ద “సర్వరు లేదు” అను మాట విని తిరిగిపోవును. ఒక్కొక్కప్పుడు సర్వరు ఉన్నది, తీగయే పొడవైనది.

గోడలో 90 మీటర్లు, రెండు కొనల కలిపి 10 మీటర్లు అను కొలత పాటింపవలెను. అంతకు మించిన నడుమ ఒక స్విచ్చి ఉంచవలెను. లేదా గాజుపోగు వేయవలెను. 1966లో చార్లెస్ కావో సూచించిన ఆ గాజుపోగులో నేడు 50 కిలోమీటర్లు పోయినను కాంతిలో సుమారు పదవ వంతు మిగులును. భారత్‌నెట్ గ్రామ పంచాయతీలకు తెచ్చునది ఈ పోగునే. పంచాయతీ కార్యాలయపు పెట్టె నుండి బల్ల వరకు మాత్రము తరచు రాగియే. దాని లెక్క ఇప్పటికిని నూరు మీటర్లే.