బెడ్‌జెడ్

బెడ్‌జెడ్ (బెడింగ్టన్ జీరో ఎనర్జీ డెవలప్‌మెంట్) ఇంగ్లాండు దేశములో దక్షిణ లండనుకు చెందిన సట్టన్ ప్రాంతములోని ఒక నివాస సముదాయము. వాడుకొనే శక్తికి సరిపడా శక్తిని అక్కడే పునరుత్పాదక వనరుల నుండి పొందవలెనన్న లక్ష్యముతో దీనిని 2000-2002 సంవత్సరాల మధ్య నిర్మించారు. ప్రారంభములో ఇందులో 82 ఇళ్ళు, కొన్ని కార్యాలయాలు ఉండేవి. పీబాడీ ట్రస్టు, బయోరీజనల్ సంస్థలు, వాస్తుశిల్పి బిల్ డన్‌స్టర్, ఇంజనీరింగు సంస్థ ఆరప్ కలసి దీనిని రూపొందించారు. 2003లో స్టర్లింగ్ బహుమతి తుది జాబితాలో దీనికి స్థానము లభించినది.

ఇళ్ళ నిర్మాణము

శీతల దేశములో ఇంటి శక్తి వాడకములో ప్రధాన భాగము గదులను వేడి చేయడానికే పోతుంది. అందువలన ఇక్కడి గోడలలో సుమారు 300 మిల్లీమీటర్ల మందముతో ఉష్ణనిరోధక పదార్థాన్ని నింపారు. కిటికీలకు మూడు పొరల గాజు అమర్చారు. ఇళ్ళను దక్షిణాభిముఖముగా కట్టి, ముందు భాగములో గాజు వసారాలు ఏర్పరచారు. చలికాలపు ఎండ వీటి ద్వారా ఇంటిని వెచ్చబరుస్తుంది. అయితే వేసవిలో ఇవే ఉక్కపోతకు కారణమగుచున్నవని కొందరు నివాసులు తెలిపారు. పైకప్పుపై గాలివాటును బట్టి తిరిగే రంగురంగుల గొట్టాలు బయటకు పోయే గాలిలోని వేడిని లోపలికి వచ్చే గాలికి అందజేస్తాయి. సముదాయములో 777 చదరపు మీటర్ల సౌరఫలకాలు ఉన్నాయి. వీటి విద్యుత్తును మొదట 40 విద్యుత్ కార్లకు ఉద్దేశించారు. ఆ కార్లు ఆశించినంతగా రాకపోవడముతో దానిని భవనాలకు మళ్ళించారు.

నీటి పొదుపు

తక్కువ నీటితో పనిచేసే మరుగుదొడ్లు, కుళాయిలు, బట్టలు ఉతికే యంత్రాలు అమర్చారు. కప్పులపై పడిన వాన నీటిని భూగర్భ తొట్లలో నిలువ చేసి మరుగుదొడ్లకు, తోటలకు వాడే ఏర్పాటు చేశారు. నీటి, విద్యుత్తు మీటర్లను వంటగదిలో కనపడేటట్లు పెట్టడము వలన, ఎంత ఖర్చగుచున్నదో నివాసులకు ఎప్పటికప్పుడు తెలిసేది.

వైఫల్యాలు

రెండు ముఖ్యమైన ఏర్పాట్లు నిలువలేదు. చెక్క ముక్కల నుండి విద్యుత్తును, వేడిని ఉత్పత్తి చేసే కేంద్రము ఎడతెగక నడవవలసినది. రాత్రివేళ దానిని ఆపవలసి రావడముతో, చల్లబడినపుడల్లా తారు పేరుకొని మరమ్మతులు ఎక్కువైనవి. 2005లో దానిని మూసివేసి సహజవాయు బాయిలర్లతో సరిపెట్టారు. 2017లో మరల చెక్క గుళికలతో నడిచే బాయిలర్లను నెలకొల్పారు.

మురుగునీటిని మొక్కల సాయముతో శుద్ధి చేసే కేంద్రమును కూడ నిర్వహణ ఖర్చు అధికమైనందున ఆపివేశారు.

ఫలితాలు

2003లో జరిపిన పరిశీలన ప్రకారము, బ్రిటను సగటుతో పోల్చినపుడు, గదులను వేడి చేయడానికి కావలసిన శక్తి 88 శాతము, వేడినీటి వాడకము 57 శాతము, విద్యుత్తు వాడకము 25 శాతము, కుళాయి నీటి వాడకము 50 శాతము తగ్గినవి. వాడిన విద్యుత్తులో సౌరఫలకాల వాటా 11 శాతము మాత్రమే.

చెక్క ఇంధన కేంద్రము ఆగిపోవడముతో శూన్య శక్తి లక్ష్యము అనుకున్నట్లు నెరవేరలేదు. గోడల మందము, కిటికీలు, ఇంటి దిశ, పొదుపైన కుళాయిలు వంటివి ఒకసారి అమర్చిన పిదప పెద్దగా నిర్వహణ లేకుండానే ఫలితమిచ్చినవి. నిత్య పర్యవేక్షణ, నిపుణులు అవసరమైన కేంద్రాలు ఇంత చిన్న సముదాయానికి భారమైనవి. ఇటువంటి ఇళ్ళను తలపెట్టేవారికి బెడ్‌జెడ్ అనుభవము ఈ రెండు విధాలా ఉపయోగపడుతుంది.