పుల్లరి నుంచి సబ్సిడీ దాకా

బరంపురం, గంజాం ప్రాంతాల్లోనూ, ఇచ్ఛాపురం, టెక్కలి వైపూ గొర్రెలు మేపుకునే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఈనాటి ప్రసంగం. మీ మందకూ సర్కారుకూ సంబంధం ఎలా మొదలైంది, ఎలా మారింది, ఇప్పుడు మీరు ఏం చేయాలి అన్నది చెప్పుకుందాం.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు రాజధానిలోని జిల్లా. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు అడవిలో జీవాలను మేపాలంటే అనుమతి కావాలి, రుసుము కట్టాలి. ఆ రుసుమునే తెలుగు పల్లెల్లో పుల్లరి అన్నారు. 1922లో పల్నాటి కన్నెగంటి హనుమంతు ప్రాణాలు విడిచింది ఈ పుల్లరిని ఎదిరించే. గంజాం ఒరిస్సాలో కలిశాక కూడా ఆ మద్రాసు చట్టమే ఇక్కడ నడిచింది. 1972లో ఒరిస్సా అటవీ చట్టం వచ్చాకే దాని కాలం తీరింది. రాష్ట్రం మారినా, మేత నిబంధన మరో 36 ఏళ్లు అలాగే ఉందన్నమాట.

ఆ రోజుల్లో సర్కారు మందను లెక్కపెట్టింది వసూలు కోసం. ఆదుకోవడం కోసం లెక్కపెట్టడం తర్వాతి మాట. 1980 అక్టోబరు 2 నుంచి సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం దేశంలోని అన్ని బ్లాకులకూ వచ్చింది. గొర్రెల యూనిట్లకు బ్యాంకు అప్పు ఇచ్చారు. సబ్సిడీ చిన్న రైతుకు 25 శాతం, సన్నకారు రైతుకు, కూలీకి మూడోవంతు, గిరిజనులకు సగం. ఆ పథకం 1999లో మరో పథకంలో కలిసిపోయింది. తెలంగాణలో 2017లో 20 గొర్రెలు, ఒక పొట్టేలు గల యూనిట్ ధర 1,25,000 రూపాయలుగా కట్టి, 75 శాతం సబ్సిడీ ఇచ్చారు. కేంద్ర ప్రభుత్వం 2021లో జాతీయ పశుసంపద మిషన్‌ను మార్చి, 500 ఆడ జీవాలు, 25 మగ జీవాలు ఉన్న యూనిట్‌కు ఖర్చులో సగం, 50 లక్షల దాకా ఇస్తామంది. తర్వాత చిన్న యూనిట్లకూ అవకాశం ఇచ్చింది.

వినడానికి బాగానే ఉంది. కాని అప్పు గొర్రెను కొనిపెడుతుంది, మేతను కొనిపెట్టదు. పరాయి చోటి నుంచి తెచ్చిన జీవం ఇక్కడి గడ్డికీ నీటికీ అలవాటు పడకముందే కన్ను మూస్తే, దొడ్డి ఖాళీ అవుతుంది, బాకీ మాత్రం మిగులుతుంది. మన గంజాం గొర్రె, గొల్లలు తరతరాలుగా పెంచిన గంజాం మేక, రెండూ దేశంలో గుర్తింపు పొందిన జాతులే. కొనేటప్పుడు ముందు వాటినే చూడండి. చెవికి బీమా పోగు వేయించండి.

రోగాల సంగతి. పారుడు రోగం మన దేశంలో మొదట 1987లో తమిళనాడులోని అరసూరులో బయటపడింది. దానికి టీకాను మన శాస్త్రజ్ఞులే తయారుచేశారు. చిటుకు రోగం తొలకరి లేత గడ్డితో వస్తుంది, కనుక ఆ టీకా వానలకు ముందే పడాలి. ఊరికి డాక్టరు వచ్చేదాకా ఆగకుండా, నలుగురు కాపరులు కలిసి పశువైద్యశాలకు వెళ్లి ముందే తేదీ అడగండి.

ఇక అసలు విషయం మేత హక్కు. 2006 అటవీ హక్కుల చట్టం సంచార పశుపోషకుల మేత హక్కును పేరు పెట్టి గుర్తించింది. గిరిజనేతరులు మాత్రం 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవిని ఆధారం చేసుకుని అక్కడే ఉన్నట్టు చూపాలి. లెక్క వేయండి, అది 1930. అప్పుడు గంజాం మద్రాసులో ఉంది. కనుక మీ తాతల ఆధారాలు ఆనాటి గెజిటీర్లలో, సర్వే, సెటిల్‌మెంటు రిపోర్టుల్లో వెతకాలి. వీటిని సాక్ష్యంగా తీసుకోవచ్చని నిబంధనలే చెబుతున్నాయి. దరఖాస్తుదారు కాని పెద్దల మాటను రాయించినా చెల్లుతుంది.

దరఖాస్తు మొదట వెళ్లవలసింది గ్రామసభకు. మంద ఏ దారిన నడిచింది, ఏ చెరువులో నీళ్లు తాగింది, ఏ కొండ కింద రాత్రి ఆగింది, ఇవన్నీ మీ ఊరి ముసలివాళ్లకు తెలుసు. వాళ్లు మన మధ్య ఉండగానే రాయించి పెట్టుకోండి. పుల్లరి కట్టించుకున్న అడవిలో మీకు హక్కు ఉందని చూపగలిగేది ఆ కాగితమే.