చిన్న విమానమునకు చౌక నేత్రము

1956 జూన్ 30వ తేదీన అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయపై, సుమారు 21,000 అడుగుల ఎత్తున, రెండు ప్రయాణికుల విమానములు ఢీకొని 128 మంది మరణించినారు. ఆనాడు ఆ ప్రాంతమున రాడార్ కాపలా లేదు. ఎదుటి విమానమును కంటితో చూచి తప్పుకొనుటయే చోదకుల విధి. ఆ కన్ను చాలదని ఈ ఘోరప్రమాదము చాటినది. 1958లో విమానయాన రక్షణకు అమెరికాలో కొత్త ప్రభుత్వసంస్థ ఏర్పడినది. రాడార్ కేంద్రములు పెరిగినవి.

కాని రాడార్‌కును పరిమితులు కలవు. కొండల చాటున, నేలకు దగ్గరగా ఎగురు చిన్న విమానములు దానికి చిక్కవు. అప్పుడు శాస్త్రజ్ఞులు మరొక మార్గము యోచించినారు: విమానమును మనము వెదకుట ఎందుకు? తానున్న చోటును విమానమే చెప్పరాదా? ఉపగ్రహ సంకేతముల సహాయమున విమానము తన స్థానమును తెలిసికొని, సుమారు సెకనుకొకసారి రేడియో ద్వారా ప్రకటించును. ఈ పద్ధతికి ఏ.డి.ఎస్.-బి. అని పేరు. రోడ్లు అరుదైన అలాస్కాలో, చిన్న విమానమే బస్సువలె ఉపయోగపడు సీమలో, 1999-2006 నడుమ దీనిని పరీక్షించినారు. అమెరికాలో రద్దీగల గగనతలమున 2020 జనవరి 1 నుండి ఇట్టి ప్రసారము తప్పనిసరి అయినది. 978 మెగాహెర్ట్‌జులపై భూకేంద్రములు వాతావరణ విశేషములను గూడ ఉచితముగా పంపుచున్నవి.

విమానమును స్వయముగా నిర్మించుకొను ఔత్సాహికులు ఆ దేశమున అనేకులు. 1953 నుండి వారికొక సంఘము కలదు. వారికి కలిసివచ్చిన వస్తువు టెలివిజన్ చూచుటకై కంప్యూటరుకు తగిలించు చౌక పరికరము. దానిలోని చిప్పును సాధారణ రేడియో గ్రాహకముగా వాడవచ్చునని 2012లో వెల్లడి అయినది. అదే సంవత్సరమున రాస్ప్‌బెర్రీ పై అను అరచేతి కంప్యూటరు వెలువడినది. ఈ రెంటిని జతపరచు స్ట్రాటక్స్ అను ఉచిత ప్రోగ్రాము 2015లో వచ్చినది. ఒక గ్రాహకము 978, మరొకటి 1,090 మెగాహెర్ట్‌జులను వినును. చోదకుని పలకపై ఇతర విమానములు, వానమేఘములు చిత్రములుగా కనబడును.

అమర్చుటలో జాగ్రత్త అవసరము. లోహపు తొడుగు తరంగములను అడ్డగించును. కనుక రేడియో యాంటెనాను విమానపు అడుగున, ఉపగ్రహ యాంటెనాను ఆకాశము కనబడు చోట ఉంచవలెను. 12 వోల్టుల బ్యాటరీ నుండి 5 వోల్టులు ఇచ్చు నాసిరకపు పరికరము మాటలాడు రేడియోలో రొద పుట్టించవచ్చును. చిప్పులు వేడెక్కును; గాలి ఆడవలెను.

అంతకంటె ముఖ్యమైనది దీని హద్దులను ఎరుగుట. తన ఉనికిని ప్రకటింపని విమానమును ఈ గ్రాహకము నేరుగా వినలేదు. రాడార్‌కు చిక్కిన అట్టి విమానముల వివరములను భూకేంద్రములు పంపును. కాని ప్రసారము చేయు విమానము చుట్టూ 15 నాటికల్ మైళ్ల మేరకే పంపును. వినుటయే తప్ప ప్రసారము చేయని వానికి ఇతరుల కొరకు పంపినదే దక్కును, చిత్రము అసంపూర్ణము. వాన చిత్రమును తాజాదని నమ్మరాదు. అది పలకపై చూపిన వయస్సుకంటె 15, 20 నిమిషములు పాతది కావచ్చునని అమెరికా ప్రమాద పరిశోధన సంస్థ 2012లో హెచ్చరించినది. ఉరుముల మేఘము అంతలో ఎంతో పెరుగును. పలకలో ఖాళీగా కనబడిన దారి ఆకాశమున మూసికొనిపోయి ఉండవచ్చును.

గ్రాండ్ కాన్యన్‌పై కన్ను ఒక్కటే చాలలేదు. నేడు యంత్రము ఒక్కటే చాలదు. చౌకగా లభించిన ఈ రెండవ నేత్రము మొదటి నేత్రమును మూయుటకు కాదు.