మన వారసత్వానికి ప్రణాళిక రాసేదెవరు?

ప్రతి ఏటా పుష్యమాసంలో మెస్రం వంశస్తులు గంగాజలం కోసం కాలినడకన బయలుదేరతారు. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ నుంచి జన్నారం మండలంలో గోదావరి ఒడ్డున ఉన్న హస్తినమడుగు దాకా నడిచి, ఝరిలో నీళ్లు తెచ్చి, పుష్య అమావాస్య రాత్రి నాగోబాకు అభిషేకం చేస్తారు. పూజకు కావలసిన కుండలను సిరికొండ కుమ్మరులు చేసి ఇస్తారు. మెస్రం ఇళ్లకు వచ్చిన కొత్త కోడళ్లను ఆ జాతరలోనే దేవుడికి పరిచయం చేస్తారు. దాన్ని భేటింగ్ అంటారు.

2016 అక్టోబరులో పాత ఆదిలాబాద్ జిల్లా నాలుగు ముక్కలైంది. హస్తినమడుగు మంచిర్యాల జిల్లాలోకి పోయింది, కేస్లాపూర్ ఆదిలాబాద్‌లో ఉండిపోయింది. దండారి బృందాలు మొక్కుకునే గుడిరేవు పద్మల్‌పురి కాకో మంచిర్యాలలో ఉంది. గుస్సాడి నేర్పి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజు ఊరు మార్లవాయి కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. ఏ ఒక్క జిల్లా కార్యాలయం ప్రణాళిక రాసినా ఇవన్నీ అందులో పట్టవు. గుడి ఒక జిల్లా కాగితంలో ఉంటే, ఆ గుడికి నీళ్లు తెచ్చే రేవు మరో జిల్లా కాగితంలో ఉంటుంది. రెంటినీ కలిపే కాలిబాట ఎందులోనూ ఉండదు. అందుకే మన వారసత్వ ప్రణాళిక ఎక్కడ మొదలు కావాలో ఆలోచించుకోవాలి. దానికి ఇంతవరకు ఎవరు రాశారో, ఎలా రాశారో కొంత వెనక్కి వెళ్లి చూడాలి.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము తన సహచరులతో కలిసి నేలకొరిగాడు. ఆయన అడిగింది పన్నెండు ఊళ్ల భూమి మీద, అడవి మీద హక్కు. ఆ తిరుగుబాటు తర్వాతే నిజాం ప్రభుత్వానికి గోండుల బతుకు తెలుసుకోవాలనిపించింది. ఆ పని మీద హైమన్‌డార్ఫ్ వచ్చాడు. మార్లవాయిలో భార్య బెట్టితో కలిసి ఉన్నాడు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది, గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. నాగోబా జాతరలో దర్బారు పెట్టించి, అధికారులు వచ్చి జనం గోడు వినే పద్ధతి తెచ్చింది కూడా ఆ కాలంలోనే. అంటే మన ప్రాంతంలో మొదటి ప్రణాళిక నెత్తురు చిందిన తర్వాత వచ్చింది. మంచి మనసుతోనే వచ్చినా బయటి మనిషి చేతి మీదుగా వచ్చింది. ఆయన వెళ్లిపోయాక దర్బారు నిలిచింది గాని గోండి బడి నిలవలేదు.

భాషను కాపాడింది ఊరే. నార్నూర్ మండలం గుంజాలలో పాత గోండి రాతప్రతులు ఇళ్లలోనే భద్రంగా ఉండి పండితుల కంటబడ్డాయి. 2018లో గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది.

ఇంద్రవెల్లి కూడా మన చరిత్రే. 1981 ఏప్రిల్ 20న భూమి కోసం సభకు వచ్చిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. అంతకంటే చాలా ఎక్కువని మనవాళ్లు చెబుతూనే ఉన్నారు. అక్కడి స్తూపం దగ్గర చాలా ఏళ్లపాటు సంస్మరణ రోజున నిషేధాజ్ఞలే ఉండేవి. జోడేఘాట్‌లో మ్యూజియం కట్టారు, సంతోషం. కాని ఏ జ్ఞాపకానికి భవనం కట్టాలి, ఏ జ్ఞాపకానికి కాపలా పెట్టాలి అన్నది మనల్ని అడిగి నిర్ణయించలేదు.

ఇప్పుడు చట్టం మన వైపు ఉంది. 73వ రాజ్యాంగ సవరణ చేర్చిన పదకొండో షెడ్యూలులో 29 అంశాలుంటే, సాంస్కృతిక కార్యక్రమాలు 21వది, సంతలు, జాతరలు 22వది. 1996 నాటి పెసా చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. ప్రజల ఆచార సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును, ఉమ్మడి వనరులను, తగవులు తీర్చుకునే పద్ధతిని కాపాడే సమర్థత గ్రామసభకు ఉందని నాలుగో సెక్షన్‌లో చెప్పింది. మన రాయి సెంటర్లకు కూడా అందులో అండ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీని నియమాలు 2011లో వచ్చాయి. 2006 అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షన్ మన సాంస్కృతిక, ప్రకృతి వారసత్వానికి హాని జరగకుండా చూసే అధికారం గ్రామసభకు ఇచ్చింది.

ఇవి ఉత్త మాటలు కావని ఒడిశాలో డోంగ్రియా కోందులు చూపించారు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు మేరకు నియమగిరి చుట్టూ 12 గ్రామసభలు జరిగాయి. కొండ తమ నియమరాజు ఇల్లని, గనికి ఇవ్వమని పన్నెండూ తీర్మానించాయి. తవ్వకం ఆగింది.

మనకూ చేతనవుతుంది. కేస్లాపూర్‌లో కొత్త నాగోబా గుడిని మెస్రం వంశస్తులు సొంతంగా చందాలు వేసుకుని కట్టుకున్నారు. 2022 డిసెంబరులో ప్రతిష్ఠ జరిగింది. కాని మన గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తెరిస్తే సిమెంటు రోడ్డు, మురుగు కాలువ, వీధి దీపాలే కనబడతాయి. అవీ కావాలి. వాటి పక్కన మరికొన్ని వరుసలు మనం రాయించాలి.

మొదటిది దారి. గంగాజలం నడక సాగే ఊళ్లన్నీ తమ తమ గ్రామసభల్లో ఒకే తీర్మానం చేస్తే, జిల్లాలు వేరైనా దారి ఒకటేనని కాగితం మీద ఉంటుంది. దారిలో ఆగే చెట్లు, నీటి చోట్లు పేరుపేరునా రాయాలి.

రెండోది సరుకు. ఉషేగాం, కేస్లాగూడ ఓజా కళాకారుల ఇత్తడి పనికి ఆదిలాబాద్ డోక్రా పేరుతో 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది. అచ్చు పోయడానికి మైనం, మట్టి, బొగ్గు కావాలి కదా, అవి దొరికే హక్కును కూడా రాయాలి. కుమ్మరికి కుండ మట్టి కూడా అంతే.

మూడోది నోటి చరిత్ర. మన వంశాల కథలు పరధానుల, తోటీల నోట, కింగ్రి తీగ మీద ఉన్నాయి. ఒక ముసలాయన పోతే ఒక వంశం కథ పోతుంది. నేర్పేవారికి గౌరవ వేతనం, నేర్చుకునే పిల్లలకు బడిలో ఒక పూట ఇవ్వాలి.

నాలుగోది హద్దు. గుస్సాడి దండారి రోజుల వ్రతం. కొలబోడితో నెమలి టోపీ దించేస్తారు. మంత్రి వచ్చినా, పర్యాటకులు వచ్చినా ఏ నెలలోనైనా ఆడించడం ప్రచారం అనిపించుకోవచ్చు గాని రక్షణ అనిపించుకోదు. ఏది అందరికీ చూపాలో, ఏది వంశం లోపలే ఉండాలో పటేల్, దేవారి, కటోడ, ఆడవాళ్లు, యువకులు కూర్చుని తేల్చాలి.

వచ్చే గ్రామసభకు చదువుకున్న మన పిల్లలు ఒక నోటుబుక్కు తీసుకెళ్లాలి. పెద్దలు చెప్పింది గోండిలోను, తెలుగులోను రాసి, చదివి వినిపించి, తీర్మానాల పుస్తకంలో ఎక్కించి, నకలు తెచ్చుకోవాలి. రేపు ఏ అధికారి ప్రణాళిక పట్టుకొచ్చినా ముందు ఆ నకలు ఆయన చేతిలో పెడదాం.