ఎవరి కళ్ళ ఎత్తులో?

ఆడవాళ్ళు ఫోన్‌తో తీసిన చిన్న సినిమాల పోటీకి ఆమధ్య నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. బహుమతి రానివాళ్ళకు కూడా అభిప్రాయం రాసివ్వాలన్నారు. ఒక సినిమాలో ఒకామె బీడీలు చుడుతూ ఉంటుంది. కెమెరా నేలమీద నుంచి కదలదు. బీడీలు లెక్కపెట్టి, బాగాలేవని కొన్ని తీసి పక్కన పారేసే మనిషి తాటిచెట్టంత కనిపిస్తాడు. 'ఫ్రేమింగ్ కుదరలేదు. స్టాండు వాడాల్సింది' అని రాసిచ్చేశాను.

తర్వాత ఒక వ్యాసం కోసం పాత నోట్సు తిరగేస్తుంటే నా మాట నాకే గుచ్చుకుంది.

సామాన్యుల వీడియో చరిత్రలో అభిప్రాయం చెప్పడమంటే మార్కులు వెయ్యడం కాదు. 1967లో కెనడాలోని ఫోగో దీవిలో కాలిన్ లో జాలరుల జీవితాన్ని చిత్రించాడు. ప్రభుత్వం వాళ్ళని ఊళ్ళు ఖాళీ చేయించాలనుకుంటున్న రోజులవి. తీసింది ముందు వాళ్ళకే చూపించి, వాళ్ళు ఒప్పుకున్నాకే బయటివాళ్ళకు చూపించారు. అక్కడ సినిమాపై మొదటి తీర్పు అందులో కనిపించినవాళ్ళదే. 1984లో అహ్మదాబాద్‌లో 'సేవా' సభ్యులు మార్తా స్టూవర్ట్ దగ్గర వీడియో నేర్చుకున్నారు. వాళ్ళలో అక్షరాలు రానివాళ్ళూ ఉన్నారు. ఇక్కడ కెమెరానే ఆడవాళ్ళ చేతికొచ్చింది.

మన జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ స్త్రీలు ఇంకో అడుగు ముందుకేశారు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు కొందరు 1990ల చివర్లో కెమెరా పట్టారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక వరంగల్ రైతుల చేలకు వెళ్ళి, వాళ్ళ కోపాన్ని చిత్రంగా తీశారు. అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది వాళ్ళ సొంత వ్యాకరణం. పైనుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. కిందనుంచి పైకి చూస్తే పటేలు ముందు నిలబడ్డ బానిస చూపు. కళ్ళకు సమానంగా ఉంటే సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే ఎత్తులో కూర్చుంటారు కదా!

ఇదంతా నేను క్లాసులో పాఠంగా చెప్పినదే. ఆ బీడీల సినిమా నా ఎదుటికొచ్చినప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

సిగ్గుపడుతూ ఆమెకు ఫోన్ చేశాను. కెమెరా అంత కింద ఎందుకు పెట్టారని అడిగాను. పట్టుకునేవాళ్ళు ఎవరూ లేక ఫోన్‌ని ఒళ్ళో చేటకి ఆనించానని చెప్పింది. తను రోజంతా కూర్చునేది అక్కడేనని, ఆ మనిషి రోజూ తనకి అట్లాగే కనిపిస్తాడని కూడా చెప్పింది. నేను రాసింది చదివి మూడొందలు పెట్టి స్టాండు కొన్నదట. ఈసారి తప్పు చెయ్యనంది. మూడొందలకి ఎన్ని బీడీలు చుట్టాలో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆడవాళ్ళ కథల్లో శిల్పం లేదని కొట్టిపారేసిన విమర్శకుల మీద సిద్ధాంత వ్యాసం రాసి నేను డాక్టరేట్ తెచ్చుకున్నాను. వాళ్ళ కుర్చీ దొరగ్గానే వాళ్ళ మాటే అన్నాను. అభిప్రాయం రాసే ముందు తీసినవాళ్ళని ఒక్క ప్రశ్న అడగాలన్న నియమం ఇప్పుడు పెట్టుకున్నాను: ఇది మీరు ఎక్కడ కూర్చుని చూశారు? ఆమెకి మాత్రం ఆ ప్రశ్న ఆలస్యంగా చేరింది. స్టాండు కొనేశాక చేరింది.