వెండి జరీలో రాణి, బంగారు కిరణాల్లో రాజు

1581 అక్టోబర్ 15, ఆదివారం. రాత్రి పది కావస్తోంది. పారిస్‌లో లూవ్ర్ రాజభవనం పక్కనే ఉన్న పెతీ బూర్బోన్ మహాశాలలో కాలు పెట్టే చోటు లేదు. గోడల వెంట రెండంతస్తుల గ్యాలరీలు కిక్కిరిసిపోయాయి. ఒక కొసన రాజు మూడో హెన్రీ, పక్కనే తల్లి కేథరిన్ డి మెడిసి. ఎదుటి కొసన మంత్రగత్తె సర్సీ తోట. ఎత్తయిన రంగస్థలమంటూ ఏమీ లేదు. రాజుకూ మంత్రగత్తెకూ మధ్యనున్న నేల మీదే ఆటంతా.

వచ్చినవాళ్లు తొమ్మిది, పదివేల మంది అని ప్రదర్శన నడిపించినాయనే తర్వాత పుస్తకంలో రాసుకున్నాడు. పెళ్లివారి లెక్క కదా, కొంత తగ్గించుకుని చదవొచ్చు.

అవును, పెళ్లి సందడే అది. రాణి లూయీజ్ సవతి చెల్లెలు మార్గరీత్‌ను రాజు తన ఆప్తుడు ద్యూక్ ద జ్వాయూజ్‌కు ఇచ్చి చేశాడు. పెళ్లి సెప్టెంబర్ 24నే అయిపోయింది. విందులు, ఊరేగింపులు మాత్రం ఆగలేదు. బయట చూస్తే కాథలిక్కులూ ప్రొటెస్టంట్లూ ఇరవై ఏళ్లుగా ఒకరినొకరు నరుక్కుంటున్నారు. ఖజానాలో చిల్లిగవ్వ లేని కాలం. అలాంటప్పుడే రాజు బలంగా ఉన్నాడని నలుగురికీ చూపించాలి. ఆ పని బల్తజార్ ద బోజ్వాయో మీద పడింది. అతను ఇటలీ నుంచి వచ్చిన వయొలిన్ విద్వాంసుడు. వచ్చాక పేరు ఫ్రెంచివాళ్ల నోటికి తగ్గట్టు మార్చుకున్నాడు.

సందడి అణిగింది. తోటలోంచి ఒక మనిషి పరుగెత్తుకొచ్చాడు. ఆగి వెనక్కి చూశాడు, మళ్లీ పరుగు. నేరుగా రాజు ముందుకొచ్చి నిలబడి, సర్సీ మనుషుల్ని మృగాలుగా మార్చేస్తోందనీ, తాను తప్పించుకొచ్చాననీ, కాపాడమనీ మొరపెట్టుకున్నాడు. గమనించారా? దేవుళ్లను వేడుకోవడానికి ముందే రాజును వేడుకున్నాడు. ప్రేక్షకుడిగా కూర్చున్న హెన్రీ ఆ క్షణంలోనే పాత్రధారి అయిపోయాడు.

కాసేపటికి ఒక ఫౌంటెన్ కదిలొచ్చింది. రథమంత ఫౌంటెన్. దాని చుట్టూ బంగారు ఆసనాల మీద పన్నెండుమంది జలకన్యలు. వాళ్లలో ఒకరు స్వయానా రాణి లూయీజ్. మిగతావాళ్లలో కొత్త పెళ్లికూతురు ఉంది, డచెస్ ఆఫ్ గీజ్ ఉంది. అందరికీ వెండి జరీ గుడ్డతో కుట్టిన దుస్తులు. వాటి మీద పల్చటి ముడతల బట్ట, జుట్టులో, మెడలో రత్నాలు. వేషాలకూ రంగాలకూ రూపం గీసింది జాక్ పతాన్ అనే చిత్రకారుడు. కొవ్వొత్తుల వెలుగు ఆ జరీ మీద పడితే చూసేవాళ్ల కళ్లు చెదిరే ఉంటాయి.

ఆ బరువుతో నాట్యమెలా? ఎగరడం ఊసే లేదు. నేలను తాకే దుస్తులు కాలిని కనబడనివ్వవు. గట్టిగా బిగించిన నడుము వంగనివ్వదు. అందుకే బోజ్వాయో నడకనే నాట్యం చేశాడు. జలకన్యలు వరసలు కట్టారు, వలయాలయ్యారు, త్రిభుజాలై విడిపోయి చతురస్రాలుగా కలిశారు. పై గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు నేల మీద ముగ్గు దానంతటదే చెరిగి, మళ్లీ వేసుకుంటున్నట్టు కనిపించి ఉంటుంది. మధ్యలో సర్సీ వచ్చి మంత్రదండంతో తాకగానే అందరూ శిలల్లా ఆగిపోయారు. మెర్క్యురీ దిగొచ్చి విడిపిస్తే, ఆమె మళ్లీ కట్టేసింది. చివరికి మినర్వా, జూపిటర్ కలిసి ఆమె తోట మీద దండెత్తి, పట్టుకొచ్చి రాజు ముందు నిలబెట్టారు.

ఆ తర్వాత మహానృత్యం. అందులో నలభై ఆకృతులు. అది ముగిసేసరికి తెల్లవారుజామున మూడున్నర. అంతసేపూ ఆ జరీ మోసిన రాణి, కదిలే ఓపిక ఎలా మిగిల్చుకుందో గానీ, రాజు దగ్గరికెళ్లి ఒక బంగారు పతకం చేతిలో పెట్టింది. దాని మీద డాల్ఫిన్ బొమ్మ ఉంది. ఫ్రాన్సులో అది యువరాజు చిహ్నం. పెళ్లయి ఆరేళ్లయినా ఆ దంపతులకు పిల్లల్లేరు.

పిల్లలు పుట్టనే లేదు. కొత్త పెళ్లికొడుకు జ్వాయూజ్ 1587లో యుద్ధంలో చచ్చిపోయాడు. మరుసటేడు ఆ జలకన్య డచెస్ ఆఫ్ గీజ్ భర్తను రాజే చంపించాడు. 1589లో రాజూ హత్యకు గురయ్యాడు. వెండి జరీ కట్టిన రాణి ఆనాటి రాచమర్యాద ప్రకారం విధవరాలిగా తెల్లబట్టలు కట్టి, 1601లో పోయేదాకా వాటిని విడవలేదు. మిగిలింది 1582లో అచ్చయిన బోజ్వాయో పుస్తకం. బ్యాలే పుట్టుక గురించి మాట్లాడే ప్రతి చరిత్రకారుడూ దాన్ని తిరగేస్తాడు.

అదే మహాశాల. 1653 ఫిబ్రవరి 23. ఈసారి వేషం కట్టింది రాజే, పద్నాలుగేళ్ల పద్నాలుగో లూయీ. రెండేళ్ల కిందట, తిరుగుబాటు రోజుల్లో, రాజు పారిపోయాడేమోనన్న అనుమానంతో జనం రాత్రివేళ రాజభవనంలోకి చొరబడ్డారు. ఆ పిల్లాడు పక్క మీద కళ్లు మూసుకుని నిద్ర నటించాడు. వాళ్లు మంచం దగ్గరకొచ్చి, చూసి, వెళ్లిపోయారు. ఇప్పుడు తిరుగుబాటు అణిగింది. ప్రదర్శన పేరు రాత్రి బ్యాలే. రాత్రి నాలుగు జాముల్లో దొంగలు, బిచ్చగాళ్లు, మంత్రగత్తెలు, చుక్కలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి వెళ్లారు. ఆఖర్న తెల్లవారింది. సూర్యుడు వచ్చాడు.

తల మీద కిరణాల కిరీటం, పైన ఈకల గుత్తి. మెడ దగ్గర, మణికట్ల దగ్గర, మోకాళ్ల దగ్గర, చివరికి చెప్పుల మీద కూడా బంగారు కిరణాలు. ఆ వేషం బొమ్మ పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. అందులో నాకు కిరీటం కన్నా కాళ్లే ముఖ్యంగా కనిపిస్తాయి. రాణిగారి దుస్తులు కాళ్లను దాచేశాయి. ఈయన పొట్టి లంగా మోకాళ్ల పైన ఆగిపోయింది. పిక్క బలం చూపించుకోవడానికే కుట్టించిన వేషమది. అక్కడి నుంచి అడుగులకు విలువొచ్చింది. 1661లో అదే లూయీ పదమూడుమంది నాట్యాచార్యులతో అకాడమీ పెట్టాడు. అతని నాట్యగురువు పియేర్ బోషాం పాదాల అయిదు స్థానాలను స్థిరపరిచాడు. పెతీ బూర్బోన్‌ను మాత్రం అంతకు ముందే, 1660లో, లూవ్ర్ విస్తరణ కోసం పడగొట్టేశారు.

అప్పటికి ఆ స్వేచ్ఛ మగవాళ్ల కాళ్లకే. స్త్రీ పాత్రల్ని కూడా చాలావరకు వాళ్లే కట్టేవారు. పారిస్ ఒపేరాలో నాట్యమే వృత్తిగా ఉన్న స్త్రీలు అడుగుపెట్టింది 1681లో. అప్పుడూ అవే బరువులు, అవే నేల జీరాడే లంగాలు. ఆ తర్వాత వచ్చిన నర్తకి మారీ కామార్గో తన అడుగులు కనబడాలని అంచు కాస్త పైకెత్తి కుట్టించింది. మారీ సల్లే ఇంకా తెగించింది. పిగ్మాలియన్ కథలో ప్రాణం పోసుకునే శిల్పం పాత్ర ఆమెది. శిల్పానికి చట్రం లంగా ఏమిటని అనుకుందేమో, అదీ బిగుతు రవికా తీసి పక్కన పెట్టి, జుట్టు వదిలేసి, గ్రీకు విగ్రహంలా పల్చటి మస్లిన్ చుట్టుకుని వచ్చింది. ఇది జరిగింది 1734లో, పారిస్‌లో కాదు, లండన్‌లోని కోవెంట్ గార్డెన్‌లో. పారిస్ ఆ సంగతి తన పత్రికలో, లండన్ నుంచి వచ్చిన ఉత్తరంగా చదువుకుంది.