ఏలూరును వణికించిన ఫిట్స్

2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్‌లో మనుషులు ఉన్నట్టుండి కుప్పకూలడం మొదలైంది. ఫిట్స్, నోట నురగ, వాంతులు, తలనొప్పి. బాధితుల్లో పిల్లలూ ఉన్నారు. చాలామంది కొద్దిసేపటికే తేరుకున్నారు. అయినా వారం తిరిగేసరికి బాధితులు 600 దాటారు, ఒకరు చనిపోయారు.

కరోనా ఏడాది కాబట్టి మొదటి అనుమానం దానిమీదికే పోయింది. అది అకారణం కాదు. పిల్లల్లో కోవిడ్ ఎక్కువగా తేలికపాటి జ్వరంతోనే పోయినా, కొద్దిమందికి ఫిట్స్, మెదడువాపు వచ్చాయి. కొందరికి వైరస్ తగ్గిన కొన్ని వారాల తర్వాత ఒళ్లంతా వాపుప్రక్రియ రేగి, నాడులకూ పాకింది. పైగా 2003 తెలుగునేల మరచిపోయే ఏడాది కాదు. అప్పుడు మెదడువాపు తెచ్చే చాందీపుర వైరస్ 329 మంది పిల్లల మీద పడి 183 మందిని బలిగొంది. ఇసుక ఈగలు మోసుకొచ్చే ఆ జబ్బు గంటల్లోనే ప్రాణం తీసేది.

ఏలూరు బాధితులకు మాత్రం కోవిడ్ నెగెటివ్ వచ్చింది.

ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. జాతీయ పోషకాహార సంస్థ పురుగుమందుల అవశేషాలను గుర్తించింది. చివరికి నిపుణులు ప్రధానంగా వేలెత్తి చూపింది పురుగుమందులనే. మూడు పంటల నేల, కాలువ నీళ్లు తాగే ఊళ్లు ఉన్న ఏలూరు చుట్టుపక్కల డెల్టాకు ఇది వైరస్ కంటే చిన్న హెచ్చరికేమీ కాదు.

కారణం ఏదైనా, ఫిట్స్ వచ్చిన బిడ్డ చేతిలో తాళాల గుత్తి పెట్టకండి, నోట్లో చెంచా దూర్చకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి.